తేదీ ఎవరిది?

(సాయంత్రం చదువుల కేంద్రంలో చెప్పిన మాటలు)



ఈరోజు పాఠం మన పుస్తకంలో లేదు. నిన్న ఒక పెద్దమ్మ నా దగ్గరికి ఒక కార్డు తెచ్చింది. వాళ్ల కోడలు కువైటు నుంచి సెలవు మీద వచ్చింది. "దీంట్లో ఏం రాసిందో చూడు టీచరమ్మా" అనింది. చూశాను. గడువు ఇంకా 41 రోజులే ఉంది. కోడలేమో ఇంకా రెండు నెలలు ఇక్కడే ఉండాలనుకుంటోంది. అందుకే ఈరోజు ఈ మాట ఎత్తాను.

మన కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైటు తెలీని వీధి లేదు. కోనసీమ నుంచీ ఎంతోమంది ఆడవాళ్లు పోతుంటారు. ఇళ్లలో వంట, బట్టలు, పిల్లల పని. ఈ పనికి ఇచ్చే వీసాను మనవాళ్లు ఖద్దామా వీసా అంటారు. అక్కడికి పోయాక ఇచ్చే అనుమతిని అకామా అంటారు. ఇన్నాళ్ల వరకు ఈ దేశంలో ఉండొచ్చు, ఈ సేటు దగ్గర పని చేసుకోవచ్చు అని అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి అది. అది ఎప్పటికీ ఉండేది కాదు. దానికొక తేదీ ఉంటుంది. తేదీ దాటకముందే కొత్తది చేయించుకోవాలి.

మా చిన్నమ్మ సంగతి చెబుతాను. ఆమె చెప్పమంటేనే చెబుతున్నా.

చిన్నమ్మ 2011లో కువైటు పోయింది. చదువు రాదు. సేటు ఇంట్లో పని. సేటు చెడ్డవాడు కాదు. జీతం ఆలస్యమైనా ఇచ్చేవాడు. పాస్‌పోర్టు మాత్రం పోయిన రోజే తీసుకుని బీరువాలో పెట్టాడు. రెండేండ్లకోసారి అకామా ఆయనే చేయించేవాడు. ఎప్పుడు చేయించాడో, ఎప్పటిదాకా చేయించాడో చిన్నమ్మకు తెలీదు. అడగాలని కూడా తెలీదు.

ఆమె పాస్‌పోర్టు 2006లో తీసింది. పాస్‌పోర్టుకు పదేండ్లే ఆయుష్షు. అంటే 2016లో అయిపోతుంది. పాస్‌పోర్టు ఎంతవరకు ఉంటే అకామా అంతవరకే ఇస్తారు. 2015లో సేటు పోతే, ఆఫీసులో ఒక్క ఏడాదికే ఇచ్చారు. పాస్‌పోర్టు కొత్తది చేయించాలన్నది ఆయన పట్టించుకోలేదు. ఇంటి నిండా పిల్లలు, ఆయన పనులు ఆయనకు. మర్చిపోయాడు, అంతే. 2016లో పాస్‌పోర్టూ అయిపోయింది, అకామా అయిపోయింది. చిన్నమ్మ మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే లేచి గిన్నెలు తోముతూనే ఉంది.

అక్కడ అందరికీ ఒక కార్డు ఇస్తారు. మనవాళ్లు బతాకా అంటారు. చిన్నమ్మ దాన్ని కుంకుమ పొట్లంతో కలిపి గుడ్డలో కట్టి రవికలో పెట్టుకునేది. అంత జాగ్రత్త! గడువు తేదీ ఆ కార్డు మీదే అచ్చయి ఉంది. ఎనిమిది నెలలు ఆ తేదీని గుండెల దగ్గరే పెట్టుకుని తిరిగింది. చదవలేకపోయింది.

2017లో మా అవ్వకు ఒంట్లో బాగాలేకపోయింది. చిన్నమ్మ సెలవు అడిగింది. సేటు "బుక్రా, బుక్రా" అన్నాడు. బుక్రా అంటే రేపు. ఆ రేపు రాలేదు. పక్కింటి డ్రైవరు మన తెలుగబ్బాయి. చెత్తబుట్ట బయట పెట్టేటప్పుడు కార్డు అతనికి చూపించింది. "అక్కా, ఇది అయిపోయి ఎనిమిది నెలలయింది" అన్నాడు ఆ అబ్బాయి. చిన్నమ్మ గోడ పట్టుకుని అట్లే కూర్చుండిపోయింది.

ఇక్కడ ఒక లెక్క చేద్దాం. బోర్డు మీద చూడండి. అప్పట్లో గడువు దాటిన ప్రతి రోజుకు జరిమానా 2 దినార్లు. ఎనిమిది నెలలంటే 240 రోజులు. 240ని 2తో హెచ్చిస్తే 480 దినార్లు. ఇంటిపని వాళ్లకు కనీసం 60 దినార్ల జీతం ఇవ్వాలని కువైటు ప్రభుత్వం 2016లో చెప్పింది. చిన్నమ్మ జీతమూ అంతే. 60ని 30 రోజులకు పంచితే రోజుకెంత? చెప్పండి... అవును, 2 దినార్లు. అంటే రోజు కూలి ఎంతో రోజు జరిమానా అంతే. ఎనిమిది నెలల చాకిరీ ఒక పక్క, ఎనిమిది నెలల జరిమానా ఒక పక్క. తూకం సరిపోయింది.

అంత డబ్బు కట్టేది ఎవరు? సేటు కట్టలేదు. చిన్నమ్మ దగ్గర లేదు. అవ్వ పోయింది. చిన్నమ్మ రాలేకపోయింది. ఫోనులో ఏడుపు వినిపించాం, అంతే చేయగలిగింది.

2018 జనవరి ఆఖరులో కువైటు ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టింది. గడువు దాటినవాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చు అని చెప్పింది. మన రాయబార కార్యాలయం ముందు జనం బారులు తీరారు. చిన్నమ్మకు పాస్‌పోర్టు లేదు కాబట్టి ఔట్‌పాసు ఇచ్చారు. ఒక్కసారి ప్రయాణానికే పనికొచ్చే కాగితం అది. దాంతో ఇల్లు చేరింది. ఆ తర్వాత 2020లోనూ, 2024లోనూ క్షమాభిక్షలు వచ్చాయి. కానీ క్షమాభిక్ష ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలీదు. వాన కోసం చూసినట్టు దానికోసం చూస్తూ దాక్కుని బతకడం బతుకు కాదు.

చిన్నమ్మ కథ విని మొన్న ఒక అక్క కోపంగా అడిగింది. "పని చేసేది మేము. కాగితం వాళ్ల బీరువాలోనా?" అని. న్యాయమైన ప్రశ్న. అక్కడి పద్ధతి అట్లా ఉంది. పనికి పెట్టుకున్న మనిషే పూచీదారు. ఆయన్ని కఫీలు అంటారు. అకామా కొత్తది చేయించాల్సింది ఆయనే. మనం పోయి చేయించుకునేది కాదు. అయితే పాస్‌పోర్టు మనది. ఇంటిపని వాళ్ల కోసం 2015లో కువైటు ఒక చట్టం చేసింది. పనిమనిషి పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదని అందులో ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన బీరువా తెరుచుకోదు, నాకూ తెలుసు. కానీ అడిగే హక్కు ఉందని తెలిసి అడగడం వేరు, తెలీక ఊరుకోవడం వేరు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? తేదీ తెలుసుకోవడం. పొదుపు సంఘం కంతు తేదీ ఒక్కరైనా మర్చిపోతారా మీరు? గ్యాసు బుక్ చేసిన తేదీ, పిల్లల ఫీజు తేదీ నోటికి చెబుతారు. అకామా తేదీ కూడా అట్లాంటిదే. మన తేదీ అది. సేటుది కాదు.

బతాకా మీద తేదీలు మనకు తెలిసిన అంకెల్లోనే ఉంటాయి. ముందు రోజు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం. కార్డు మీద 12 అంకెల నంబరు కూడా ఉంటుంది. మొదటి అంకె వదిలేసి తర్వాతి ఆరు చదవండి. మీరు పుట్టిన సంవత్సరం, నెల, రోజు అవే! పోయిన వారం ఒక అక్కకు చూపిస్తే, "నా పుట్టినరోజు ఇదా!" అని నవ్వింది. మొదట్లో అకామా చీటీ పాస్‌పోర్టులో అంటించేవాళ్లు. 2019 నుంచి అంటించడం మానేశారు. కాబట్టి పాస్‌పోర్టు తిరగేస్తే అకామా కనపడదు. కార్డే చూడాలి. ఫోనులో సహెల్ అనే ప్రభుత్వ యాప్ కూడా ఉంది. చదువుకున్న పిల్లలు దాంట్లో చూసి చెప్పగలరు.

గడువుకు మూడు నెలల ముందే సేటుకు గుర్తు చేయాలి. "అకామా తజ్దీద్" అంటే చాలు, అరబ్బీలో కొత్తది చేయించడం అని. దానికంటే ముందు పాస్‌పోర్టు గడువు చూసుకోవాలి. గడువు ఏడాది ఉందనగానే కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టు, కార్డు రెండింటి నకళ్లు ఇక్కడ ఇంట్లో ఒకటి ఉంచండి. మా చిన్నమ్మవి ఇంట్లో ఉండుంటే మా అమ్మయినా ఎవరిచేతనైనా చదివించి ఉండేది.

సెలవు మీద వచ్చినవాళ్లకు ఇంకో మాట. కువైటు కొత్త చట్టం 2025 జనవరిలో అమలులోకి వచ్చింది. ఇంటిపని వాళ్లు నాలుగు నెలలకు మించి ఆ దేశం బయట ఉంటే అకామా పోతుంది. ఎక్కువ రోజులు కావాలంటే సేటు ముందే అనుమతి తీసుకోవాలి. ఇక్కడ ఉండగా గడువు దాటిపోయినా, ఆ అకామాతో తిరిగి లోపలికి పోనివ్వరు. నిన్నటి కోడలికి ఇదే చెప్పాను. రాత్రే ఫోను చేసింది. సేటు తజ్దీద్ చేయిస్తానన్నాడట. చేయించి కొత్త తేదీ ఫోటో పంపితేనే నమ్ముతానని అత్తగారు కూర్చుంది. సరైన పని.

సేటు చేయించకపోతే? కోపంతో రాత్రికి రాత్రి ఇల్లు వదిలి పోవద్దు. పారిపోయిందని ఆయన కేసు పెడితే తప్పు మన మీద పడుతుంది. ఇంటిపని వాళ్ల కోసం అక్కడ ప్రభుత్వ ఆఫీసు ఉంది. మన రాయబార కార్యాలయం ఉంది. గడువు ఉండగానే అక్కడికి చేరాలి. కొట్టినా, ప్రాణం మీదికి వచ్చినా మాత్రం ఏ తేదీ చూడొద్దు, నేరుగా రాయబార కార్యాలయానికి పోవాలి. ఇక్కడినుంచి ఇంటివాళ్లు 1800 11 3090కు ఫోను చేయొచ్చు. డబ్బులు పడవు. ఇది భారత ప్రభుత్వం ప్రవాసుల కోసం పెట్టిన నంబరు. ఏజెంటు నంబరు కాదు.

ఇంకా చాలా ఉంది గాని, కరెంటు పోయేలా ఉంది. ఇప్పుడు పలకలు తీయండి. మీ ఇంట్లోంచి కువైటులో ఉన్నవాళ్ల పేరు రాయండి. దాని కింద "నీ బతాకా తేదీ ఎంత?" అని రాయండి. ఒత్తులు తప్పినా ఫరవాలేదు. ఈ రాత్రి ఫోను చేసినప్పుడు ఆ తేదీ అడిగి, రేపు అంకెల్లో రాసుకుని రండి. గోడమీది క్యాలెండర్లో దానికి మూడు నెలల ముందు ఎక్కడ చుట్ట పెట్టాలో రేపు చూద్దాం.