పాదరక్షల త్రాళ్ళు



ముప్పదియేండ్లు బాలురకు శబ్దములును సమాసములును చెప్పిన పంతులు నేడు బూట్ల త్రాళ్ళనుగూర్చి ప్రసంగింప వచ్చెనేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, కాని వినుడు. చిన్న పామునైనను పెద్ద కఱ్ఱతో కొట్టవలెనని పెద్దలందురు. విడిపోయిన త్రాడు కాలికి తగులుకొని పడుటయు, పడి తుంటియెముక విఱుగుటయు మన యీడువారికి చిన్న యాపదలు కావు. తుంటి విఱిగినవారిలో పెక్కుమంది మరల మునుపటివలె నడువజాలరు.

పట్టణములందో విదేశములందో నున్న కుమారులు తండ్రులకు మేలైన తోలుబూట్లు కొని తెచ్చుట నేడు పల్లెలందును కలదు. వానిలో సాధారణముగా తోలుకంటె ముందు చెడునది త్రాడు. త్రాడు తెగినంతమాత్రమున వేల రూపాయల జోడును అటుకపై పాఱవేయుట గృహస్థునకు తగదు.

ఈ త్రాడు నిన్నటి వేడుక కాదు. ఆర్మీనియా దేశమున అరెని గ్రామము చెంతనున్న గుహలో 2008వ సంవత్సరమున తోలుతో చేసిన పాదరక్ష యొకటి దొరకెను. అది సుమారు 5500 ఏండ్ల నాటిది. ఒక్క తోలుముక్కను మడిచి, రంధ్రములు చేసి, తోలుత్రాటితో బిగించినారు.

క్రొత్త త్రాడు కొనుటకు ముందు పాతదానిని కొలిచి చూడుడు. తెగినచో రెండు ముక్కలను కలిపి కొలువుడు. పాతది పోయినచో రంధ్రముల జతలను లెక్కింపుడు: నాలుగు జతలకు సుమారు 75 సెంటీమీటర్లు, అయిదు జతలకు సుమారు 90 సెంటీమీటర్లు చాలును. మిక్కిలి పొడవైన త్రాడు కాలిక్రింద పడును. పొట్టిదానికి ముడి నిలువదు. తోలుబూట్లకు మైనము పట్టించిన సన్నని నూలుత్రాడు శ్రేష్ఠము. నైలాను త్రాడు గట్టిదేకాని నునుపగుటచే ముడి త్వరగా జాఱును. కొనలయందలి తొడుగు ఊడినను, నడుమ పోగులు లేచినను, తెగువఱకు వేచియుండక రెండు బూట్లకును ఒకేసారి మార్చుడు. ఒకటి క్రొత్తది, ఒకటి పాతదియైనచో రెంటికిని బిగువు సమముగా నుండదు.

ఎక్కించునపుడు అన్నిటికంటె క్రింది రంధ్రముల జతతో మొదలిడి, రెండు కొనలను సరిసమానముగా లాగి, ఒకదానిపై నొకటి అడ్డముగా పోవునట్లు పైకి తెండు.

ఇక ముడి. త్రాడు తనంతట విడిపోవుటకు కారణమును బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 2017లో పరీక్షించి ప్రకటించిరి. పాదము నేలను తాకిన ప్రతిమాఱును ముడి కుదుపునకు లోనై సడలును. ఊగులాడు కొనలు దానిని ఎవరో చేతితో లాగినట్లు లాగును. ముడి రెండు విధములు. మొదటి మెలికయు, పైనున్న చెవుల మెలికయు ఒకే దిక్కున వేసినచో ముడి బలహీనము. ఎదురుదిక్కులందు వేసినచో బలము. గుర్తించు ఉపాయము సులభము. ముడి చెవులు బూటునకు అడ్డముగా నిలిచినచో మంచిది. వ్రేళ్ళనుండి మడమవైపునకు నిలువుగా తిరిగినచో మొదటి మెలికను తలక్రిందు చేసి, కుడికొన యెడమకొనపై పోవుచున్నచో ఎడమకొనను కుడికొనపై వేయుడు. తక్కినది యథాపూర్వముగా చేయుడు.

మధుమేహము కలవారికి వేఱుగా నొక మాట. పాదమునకు స్పర్శ తగ్గినవాడు త్రాటి బిగువును తెలియజాలడు. ఒరసికొని పుండు పడినను నొప్పి తెలియదు. కావున పాదము కదలకుండునంత మాత్రమే బిగింపుడు. సాయంకాలమున పాదములు వాచును గనుక అప్పుడు మరల సడలింపుడు. రాత్రి పాదములను చూచుకొనుడు. మీకు చూపు చాలనిచో మనుమని చేత చూపించుకొనుడు. వంగలేనివారికి సాగెడి త్రాళ్ళు అంగడులందు దొరకును. ఒకమాఱు కట్టినచో మరల విప్పనక్కఱలేదు.

ఇల్లు వెడలుటకు ముందు ఊతకఱ్ఱను వెదకుకొందుము, కండువాను సవరించుకొందుము. ఆ పాటి లక్ష్యము కాలి ముడియందును ఉంచుడు. సెలవు.