సైనికుని ఋణము ఒకటా, రెండా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమునకు పుస్తకములు చదువుటకు వచ్చినవారితోపాటు కాగితములు చదివించుకొనుటకు వచ్చినవారును కలరు. వారిలో మాజీ సైనికులు పెక్కురు. పింఛను కాగితమును నా చేతికిచ్చి, "మాస్టారూ, ఈ రెండో అంకె దేనికండీ?" అని అడిగినవారిని నేనెఱుగుదును. ఆ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము. అంగవైకల్యము పొంది విరమించిన సైనికుడు ప్రభుత్వమునుండి ఒకేసారి రెండు మూడు విధముల ధనమును పొందుట న్యాయమా? ఈ వివాదము అమెరికాలో నూరేండ్లకు పైబడి నడచినది. దూరదేశపు తగవే యైనను అందలి ధర్మసూక్ష్మము మనకును పనికివచ్చును.

ఆ దేశమున ఇరువదేండ్లు సైన్యములో పనిచేసినవానికి రక్షణశాఖ విరామ వేతనము నిచ్చును. చిరకాలము నడచిన పద్ధతిలో, ఏడాది సేవకు మూలవేతనమున నూటికి రెండున్నర చొప్పున లెక్క. ఇరువదేండ్లకు సగము జీతమన్నమాట. సేవలో గాయపడినను, రోగము తగిలినను, మాజీ సైనికుల శాఖ వేరుగా పరిహారము నిచ్చును. వైకల్యమును 10 మొదలు 100 శాతము వరకు మెట్లుగా నిర్ణయింతురు. ఈ పరిహారముపై ఆదాయపు పన్ను లేదు.

1891లో చేసిన చట్టము ఈ రెండింటిని కలిపి పుచ్చుకొనరాదని శాసించినది. 1944లో కొంత సడలించిరి. పరిహారమెంతయో అంత విరామ వేతనమును వదలుకొన్నచో పరిహారమును పొందవచ్చునని. ఒకనికి నెలకు 2,000 డాలర్ల విరామ వేతనమును, 800 డాలర్ల పరిహారమును రావలసియున్న వనుకొందము. అతడు 800 ఈ చేతితో పుచ్చుకొని ఆ చేతితో వదలుకొనవలెను. పన్ను తగ్గుటయే అతనికి మిగులు. గాయపడినవానికిని, పడనివానికిని మొత్తము 2,000 డాలర్లే.

ఇచట మన ఊరి న్యాయమును తలచుకొందము. పాలేరొకడు ఆసామి పొలములో పనిచేయుచు కాలు పోగొట్టుకొన్నాడు. ఆసామి కాలికి పరిహారమని కొంత ధాన్యము కొలిచి, ఏడాది చివర అంత ధాన్యమును జీతములోనుండి కోసికొన్నచో రచ్చబండమీది పెద్దలు ఒప్పుకొందురా? జీతము చేసిన పనికి. పరిహారము పోయిన కాలికి. ఒక ఋణము తీర్చి రెండవది తీరినదనుట చెల్లదు.

ఈ వాదమే తుదకు చాలవరకు నెగ్గినది. 2002 చివరి చట్టము యుద్ధసంబంధమైన వైకల్యము గలవారికి ప్రత్యేక భృతి నేర్పరచినది. ఇరువదేండ్ల సేవయు, 50 శాతము లేక అంతకు హెచ్చు వైకల్యమును గలవారు రెండును పొందవచ్చునని 2003 చట్టము అంగీకరించినది. 2004 జనవరిలో ఆరంభమైన ఆ సౌకర్యము దశలవారీగా పెరిగి 2014 నాటికి పూర్తిగా అమలులోనికి వచ్చినది.

అంతటితో వివాదము తీరలేదు. పనిచేసి సంపాదింపలేని స్థితిలో నున్నవారికి అక్కడి సామాజిక భద్రతా శాఖ మూడవ భృతి నిచ్చును. 2013లో సుమారు 59 వేలమంది ఈ మూడింటిని కలిపి 350 కోట్ల డాలర్లకు పైగా పొందిరని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయము 2014లో తెలిపినది. వారిలో సుమారు 2,300 మందికి ఏడాదికి లక్ష డాలర్లు లేక అంతకు పైగా ముట్టినవి. నూటికి నలుగురన్నమాట. పత్రికలకు ఈ నలుగురే కనబడిరి. తక్కిన తొంబదియార్గురు కనబడలేదు.

అయినను ప్రతిపక్షమువారి మాటలో సత్యము లేకపోలేదు. కర్మాగారమున గాయపడిన శ్రామికునకు ప్రమాద పరిహారమును, సామాజిక భద్రతా భృతియును కలసి సాధారణముగా అతని పూర్వపు సంపాదనలో 80 శాతమును మించరాదను నియమము కలదు. సైనికునకు ఆ హద్దు లేదు. మాజీ సైనికుల శాఖవారి పరిహారమునకు చట్టము చెప్పు ఆధారము సగటున సంపాదనాశక్తికి కలుగు నష్టమే. మూడవ భృతియు సంపాదన పోయినందుకే. కావున ఒక నష్టమునకే రెండుసార్లు చెల్లించుచున్నారని వారి ఆక్షేపణ. అయితే 1957 నుండి సైనికులును తమ జీతమునుండి సామాజిక భద్రతా పన్ను కట్టుచునే యున్నారు. పన్ను కట్టించుకొన్న చేయి భృతి నిచ్చునపుడు వెనుకాడరాదు. చర్చ జరుగవలసినది మొత్తమునకు హద్దుండవలెనా అను విషయముననే గాని, సైనికుడు దురాశాపరుడా అను విషయమున గాదు.

నా దృష్టిలో అసలు అన్యాయము వేరొకచోట నున్నది. పండ్రెండేండ్లు పనిచేసి, వైకల్యము వలననే ముందుగా పంపివేయబడినవానికి 2003 చట్టపు సౌకర్యము లేదు. ఇరువదేండ్లు నిండలేదని కారణము. నిండనీయనిది ఆ గాయమే గదా! యుద్ధసంబంధమైన వైకల్యమునకు 2008 నుండి అట్టివారికిని ప్రత్యేక భృతి వర్తింపజేసిరి గాని, అదియు సేవచేసిన ఏండ్ల మేరకే పరిమితము. ఈ లోపమును దిద్దుటకై, 2021లో మరణించిన మేజర్ రిచర్డ్ స్టార్ పేర అక్కడి కాంగ్రెసులో పలుమారులు బిల్లులు ప్రవేశపెట్టిరి.

మన దేశమున వైకల్య పింఛనులో సేవాంశము, వైకల్యాంశము అని రెండు భాగములు కలవు. ఆ విభజనలోనే రెండు ఋణములను గుర్తించు వివేకమున్నది. వైకల్య శాతమును పై మెట్టునకు సరిచేసి లెక్కించు సౌకర్యము పూర్తికాలము పనిచేసి విరమించినవారికిని చెల్లునని 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2019లో ఆ పింఛనుపై పన్ను మినహాయింపు ఎవరికి వర్తించునను వివాదమును రేగినది.

సోదరులారా! పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము వంటి గ్రామములు తరతరములుగా సైన్యమునకు బిడ్డల నిచ్చినవి. అట్టివారికి పూలదండలకంటె తమకు రావలసినదేమో తెలియుట ముఖ్యము. ఈ గ్రంథాలయమున ఒక అరలో పింఛను నియమముల పుస్తకములుంచి, వారమున కొకనాడు చదువుకొన్న యువకు డొకడు కూర్చుండి వానిని చదివి చెప్పునట్లు ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను. రెండవ అంకె దేనికో అడుగవచ్చినవాడు, అది దయాభిక్ష గాదనియు, తన కాలికి బదులుగా దేశము చెల్లించు బాకీ యనియు తెలిసికొని ఇంటికి పోవలెను.