ఒక దినపు ప్రయాణమునకు ఒక హద్దు

(బెంగుళూరున మన సంఘ సభ్యుల మాసిక సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వఱకు చదివి, ఆపై దుకాణపు గద్దెమీద కూర్చున్నవారము. కావున సాహిత్యమును గూర్చి ప్రసంగించు సాహసము చేయక, మాకు తెలిసిన లెక్కలను గూర్చియే నాలుగు మాటలు మనవి చేసికొందుము. ఆ లెక్క బస్సు టికెట్టు లెక్క. చిన్న విషయమని తోచవచ్చును. కాని మనలో దినమునకు రెండు మూడు బస్సులు మాఱి పొట్టపోసికొనువారు ఎందఱో కలరు.

2025లో మా దుకాణమున పనిచేయు కుఱ్ఱవాని తల్లి ఆసుపత్రిలో చేరినది. మామూలుగా అతనికి దినమునకు రెండు ప్రయాణములు. ఒక్కొక్కదానికి సుమారు పాతిక రూపాయలు. ఆసుపత్రినుండి పిలుపు వచ్చిన దినమున నాలుగు ప్రయాణములు. ఆ సంవత్సరము జనవరిలో మన నగరపు బస్సులలో దినపు పాసు 80 రూపాయలు చేసియుండిరి. ఉదయము పాసు కొని, పిలుపు రాకున్న ముప్పది రూపాయలు నష్టము. కొనక, పిలుపు వచ్చిన ఇరువది రూపాయలు నష్టము. ఇరువది దినములలో పండ్రెండు దినములు పిలుపు వచ్చినది. అతడు విడి టికెట్లే కొని 1600 రూపాయలు వ్యయపఱచెను. చిత్రమేమనగా, దినదినము పాసు కొనియున్నను అదే 1600 అయియుండెడిది!

“వారపు పాసు 350 రూపాయలే గదా, నెల పాసు 1200 రూపాయలే గదా, అది ఏల కొనలేదు?” అని మీరడుగవచ్చును. మేమును అడిగితిమి. “అంత సొమ్ము ఒక్కసారిగా చేతిలో నిలువలేదండీ, మందులకు పోయినది” అని అతడు తల వంచుకొనెను. అడిగియుండిన మేము ఇచ్చియుందుము. అతడు అడుగలేదు, మేము గమనింపలేదు. ఆ లోపము మాదియే.

వర్తకులమైన మనకు ఈ సంగతి క్రొత్త గాదు. నూనె డబ్బాతో కొన్నవానికి ఒక ధర, గిద్దెతో కొన్నవానికి ఒక ధర. సొమ్ము ముందుగా పెట్టగలవానికి చౌక, పెట్టలేనివానికి ప్రియము. అయితే దినము ముగిసిన పిమ్మట మొత్తము లెక్క చూచి, “నీవు నేడు డబ్బాడు నూనె కొన్నావు, కనుక డబ్బా ధరయే ఇమ్ము” అని చెప్పు దుకాణము ఎచ్చటనైన కలదా? బస్సు, రైలు ప్రయాణముల విషయమున అట్టి ఏర్పాటు కలదు. దానిని మేము లండను నగరమున 2024 అక్టోబరులో మా అక్కగారి యింటికి పోయినప్పుడు కన్నులార చూచితిమి.

అచ్చట 2003లో ఆయిస్టరు అను కార్డును ప్రవేశపెట్టిరి. 2005లో ఆ కార్డుకు దినపు హద్దును చేర్చిరి. ప్రయాణికుడు ఎక్కునప్పుడు కార్డును యంత్రమునకు తాకించును. ప్రతి ప్రయాణమునకును సామాన్య ధరయే పడుచుండును. ఆ మొత్తము నిర్ణీతమైన హద్దును చేరినంతనే, ఆ దినమున ఆ హద్దుకు లోబడిన మిగిలిన ప్రయాణములకు ఏమియు పడదు. ముందుగా పాసు కొననక్కరలేదు, ఊహింపనక్కరలేదు.

అంకెలతో చెప్పిన తేటపడును. 2023 మార్చిలో అచ్చటి బస్సు ధరను 1.75 పౌన్లుగను, బస్సుల దినపు హద్దును 5.25 పౌన్లుగను నిర్ణయించిరి. అనగా మూడు టికెట్ల ధర. నాలుగవ బస్సు మొదలు ఉచితము. ఇది గాక, మొదటి బస్సు ఎక్కిన గంటలోపల ఎన్ని బస్సులు మాఱినను ఒకే ధర పడు నియమము 2018 నుండి కలదు.

భూగర్భ రైళ్లకు నగరమును మండలములుగా విభజించిరి. ఎంత దూరపు మండలమునకు పోయిన హద్దు అంత పెద్దది. మేమున్న నాళ్లలో మొదటి రెండు మండలములకు దినపు హద్దు 8.50 పౌన్లు, రద్దీ లేని వేళలో ఒక ప్రయాణమునకు 2.80. మూడు ప్రయాణములకు 8.40 అగును. నాలుగవదానికి పడునది పది పెన్నీలు మాత్రమే! ఐదవదానికి సున్న.

లెక్కకు దినమనగా అర్ధరాత్రినుండి అర్ధరాత్రి వఱకు గాదు. తెల్లవాఱుజామున నాలుగున్నర గంటలనుండి మఱునాడు అదే వేళ వఱకు. రాత్రి పని ముగించుకొని ఒంటిగంటకు ఇల్లు చేరువానికి లెక్క నడుమ తెగిపోకుండుటకు ఇది యెంతయో ఉపకరించును.

ఈ లెక్క ఎవరు వ్రాయుదురని మాకు సందేహము కలిగెను. మా మేనల్లుడు చెప్పిన దానిని మన చిట్టా, ఆవర్జాల భాషలో చెప్పెదము. ఆయిస్టరు కార్డు జేబులోని చిట్టా వంటిది. నిలువ సొమ్మును, నాటి ఖర్చును దానిలోనే నమోదగుచుండును. 2012లో బస్సులలోను, 2014లో భూగర్భ రైళ్లలోను బ్యాంకు కార్డులను గూడ అంగీకరించిరి. వానిపై యంత్రము ఏమియు వ్రాయదు. “ఫలాని కార్డు ఫలాని చోట తాకినది” అని గుర్తించి కార్యాలయమునకు పంపును. అచ్చట ఆవర్జాలో అన్నియు చేర్చి, హద్దుతో సరిచూచి, దినాంతమున ఒకే మొత్తమును బ్యాంకునుండి తీసికొందురు. సోమవారమునుండి ఆదివారము వఱకు వారపు హద్దును గూడ ఇట్లే లెక్కింతురు.

ఇంత చక్కని ఏర్పాటులో మేము మోసపోయితిమి. కాదు, మమ్ము మేమే మోసగించుకొంటిమి. ఒక శనివారమున ఉదయము రెండు ప్రయాణములకు బ్యాంకు కార్డును తాకించితిమి. మధ్యాహ్నము రెండు ప్రయాణములకు సెల్ ఫోనును తాకించితిమి. రెండును ఒకే ఖాతావి గదా యని మా ధీమా. “మామయ్యా, నీకు బ్యాంకులో ఖాతా ఒకటే, వారి ఆవర్జాలో మాత్రము నీవు ఇద్దఱవు” అని మా మేనల్లుడు నవ్వెను. 8.50తో పోవలసినచోట 11.20 పౌన్లు పోయినవి. మూడువందల రూపాయలకు చేరువ!

కావున పిల్లలను చూడ లండను పోవు పెద్దలకు మా మనవి. ఉదయము తాకించిన దానినే రాత్రి వఱకు తాకింపుడు. దంపతులకు ఒకే కార్డు పనికిరాదు, ఎవరిది వారికుండవలెను. బస్సులో ఎక్కునప్పుడు తాకించిన చాలును. భూగర్భ రైలులో దిగి వెలుపలికి వచ్చునప్పుడు గూడ తాకింపవలెను. మఱచిన గరిష్ఠ ధర పడును. అది హద్దు లెక్కలోనికి రాదు.

ఇక మన ఊరి మాట. మన దేశమున ఒకే కార్డు అన్ని నగరములందును చెల్లవలెనని 2019 మార్చిలో జాతీయ రవాణా కార్డును ప్రారంభించిరి. మన మెట్రోలో అది 2023నుండి చెల్లుచున్నది. అయితే కార్డు ఉన్నంతమాత్రమున హద్దు ఏర్పడదు. కార్డు కలము వంటిది. హద్దు అనునది దానితో వ్రాయవలసిన నియమము.

కర్ణాటకమున 2023 జూనునుండి సామాన్య బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించినది, సంతోషము. మగ కూలీలు, గుమాస్తాలు మాత్రము విడి టికెట్ల లెక్కలోనే యున్నారు. హద్దు పెట్టిన సంస్థకు రాబడి తగ్గునని కొందఱనవచ్చును. తగ్గవచ్చును, మేము కాదనము. కాని దినపు పాసు అమ్మువారు ఆ ధరకు దినమెల్ల త్రిప్పుటకు ముందే ఒప్పుకొన్నవారే గదా! ఉదయము ఊహింపగలిగినవానికి ఇచ్చిన ధరను, ఊహింపలేకపోయినవానికి సాయంకాలము ఇచ్చుటయే మనము కోరునది.

ఒక హెచ్చరిక గూడ చేయవలసియున్నది. లండను బస్సులలో 2014 జూలైనుండి నాణెము, నోటు చెల్లవు. మనకు అది తగదు. కార్డు లేని ముదుసలిని, ఫోను లేని కూలివానిని బస్సు మెట్టుమీదినుండి దింపు ఏర్పాటు ఎంత చౌకయైనను మాకు వలదు.

కావున ఈ సభవారు నగర రవాణా సంస్థకు ఒక విన్నపము పంపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. దినపు పాసు ధరనే దినపు హద్దుగా కార్డులో చేర్చవలెను. వారమునకును అట్లే చేయవలెను. చేతి సొమ్ముతో టికెట్టు కొనువారికి ఇప్పటి సౌకర్యము తొలగింపరాదు. విన్నపము నెఱవేఱు వఱకు మనము చేయగలిగినది ఒకటి కలదు. మన దుకాణములలో పనిచేయువారికి నెల మొదట పాసు సొమ్మును బదులుగా ఇచ్చి, జీతమునుండి కొంచెము కొంచెముగా తీసికొందము. మా దుకాణమున దీనిని ఇదివఱకే ప్రారంభించితిమి. ఆ కుఱ్ఱవాని తల్లి ఆరోగ్యముగా ఇల్లు చేరినది. అతడు ఇప్పుడు నెల పాసుమీదనే వచ్చుచున్నాడు.