రాళ్ల చదువు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు నన్ను ఆజ్ఞాపించారు. డాక్టరు, ఇంజనీరు చదువుల గురించి చెప్పగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను చదివింది భూగర్భ శాస్త్రం, అంటే జియాలజీ. కనుక దాని గురించే మనవి చేస్తాను.

నేను ఆ చదువులో చేరతానన్న రోజున మా అబ్బాజాన్ ఒకే మాట అన్నారు. "రాళ్లు కొట్టడానికి కాలేజీ ఎందుకురా? నాతో రా, రేపటి నుంచే పని ఉంది." ఆయన నాపరాళ్లు పాలిష్ పట్టే పనిలో ఉండేవారు. ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. మొదటి సంవత్సరం పూర్తయ్యేసరికి దొరికింది.

మొదటి ప్రాక్టికల్ రోజున మా ముందు ఏడెనిమిది రాళ్లు పెట్టారు. "పేర్లు చెప్పవద్దు, చూసింది రాయండి" అన్నారు. రంగు, మెరుపు, బరువు, గట్టితనం, పింగాణీ పలక మీద గీస్తే పడే గీత రంగు. నల్లగా కనిపించే ఇనుప ఖనిజం ఒకటి ఎర్రని గీత గీసింది. పైరంగును నమ్మకూడదని అక్కడే తెలిసింది. గట్టితనానికి 1812లో మోస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వరుస ఏర్పరచాడు. బలపపు రాయి 1, వజ్రం 10. మన గోరు సుమారు రెండున్నర, చాకు అయిదున్నర, పలుగురాయి 7. ఈ పాఠానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కళ్లు, చేతులు, ఓపిక ఉంటే చాలు.

సెలవులకు ఇంటికి వచ్చాను. వంటింటి బండ మీద నిమ్మకాయ పిండిన చోట మచ్చ పడింది. అమ్మ ఎంత తోమినా పోవడం లేదు. "అది మురికి కాదమ్మా, రాయే కరిగింది" అన్నాను. మన కడప నాపరాయి సున్నపురాయి జాతి. పులుపు తగిలితే కరుగుతుంది. లేబరేటరీలో దాని మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. గ్రానైటు మీద వేస్తే పొంగదు. అబ్బాజాన్ పక్కనే కూర్చుని విన్నారు. "ఇన్నేళ్లుగా ఈ రాయితోనే బతుకుతున్నాను, ఈ మాట నాకెవరూ చెప్పలేదు" అన్నారు. అంతకంటే ఎక్కువ ఏమీ అనలేదు.

నిమ్మకాయ మచ్చతో పోయేది బండ నునుపు మాత్రమే. ప్రాణం మీదికి వచ్చే సంగతి వేరే ఉంది. పలుగురాయి, ఇసుకరాయి, గ్రానైటు కోసేటప్పుడు లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే అది కరగదు. సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. చాలామంది దాన్ని టి.బి. అనుకుంటారు. నీళ్లు పోస్తూ కోయడం, దుమ్మును లాగివేసే ఏర్పాటు, సరైన మాస్కు, ఇవే రక్షణ. ముఖానికి కట్టుకున్న తువ్వాలు చాలదు. రాతిపని చేసే మన కుటుంబాల వారు దయచేసి ఈ ఒక్క మాటైనా గుర్తుపెట్టుకోండి.

తర్వాత పాఠం కాలం గురించి. తిరుమల ఘాట్ రోడ్డులో మాకు ఒకచోట కింద పాత గ్రానైటు, దానిపై పొరలు పొరలుగా క్వార్ట్జైటు చూపించారు. ఆ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల కాలం ఖాళీ. పుస్తకంలో పేజీలు చిరిగిపోయినట్టన్నమాట. ఇటువంటి లెక్కలు వింటే కొందరు పెద్దలు సందేహిస్తారు. వారికి నేను అల్ బిరూనీని గుర్తుచేస్తాను. 1030 ప్రాంతంలో హిందూదేశం గురించి రాసిన గ్రంథంలో ఆయన ఒక విషయం గమనించాడు. కొండల దగ్గర నదిలో రాళ్లు పెద్దవి, దూరం పోయేకొద్దీ చిన్నవి, సముద్రం దగ్గర ఇసుక. కాబట్టి ఈ మైదానం ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిందని ఊహించాడు. రత్నాల, లోహాల సాంద్రతలను కూడా కొలిచాడు. సృష్టిని పరిశీలించడం మనకు కొత్త కాదు. అయితే ఆయన పేరు చెప్పుకుని గర్వపడితే సరిపోదు, ఆయనలాగా నది ఒడ్డుకు వెళ్లి చూడాలి.

మంగంపేట ముగ్గురాయి మీకందరికీ తెలుసు. మామూలు రాయి నీటికన్నా రెండున్నర రెట్లు, కాస్త పైన బరువుంటే, ఇది సుమారు నాలుగున్నర రెట్లు. చమురు బావి తవ్వేటప్పుడు దీని పొడిని బురదలో కలిపి లోపలికి పంపుతారు. ఆ బరువు వల్ల లోపలి గ్యాసు, నూనె ఒక్కసారిగా ఎగదన్నవు. ఈ పొడి గల్ఫ్ దేశాలకూ వెళుతుంది. మన కడప జిల్లా పిల్లలూ కువైట్ వెళుతున్నారు, డ్రైవర్లుగా, ఇంటి పనివాళ్లుగా. కష్టపడి తినే అన్నం ఏదైనా గౌరవమైనదే. కానీ ఆ రాయి ఎందుకు వెళుతున్నదో తెలిసినవాడుగా కూడా మన పిల్లవాడు వెళ్లవచ్చు గదా!

ఒక హెచ్చరిక. డిగ్రీతో ఆగితే పెద్ద అవకాశాలు తక్కువ. ఎం.ఎస్సీ. చేసినవారికి యూ.పి.యస్.సి. వారి జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది. 1851లో మొదలైన జియలాజికల్ సర్వేకు, కేంద్ర భూగర్భ జలాల బోర్డుకు దాని ద్వారా తీసుకుంటారు. గనుల సంస్థలున్నాయి. కనుక అయిదేళ్ల చదువు అనుకునే చేరండి.

చివరగా, చెప్పడానికి కష్టమైన మాట. జియాలజీలో ఫీల్డు ట్రిప్పు తప్పనిసరి. సుత్తి, భూతద్దం, దిక్సూచి పట్టుకుని కొండ ఎక్కాలి. ఆ పేరు వినగానే మన ఇళ్లలో ఆడపిల్లల చదువు ఆగిపోతుంది. మా చెల్లెలు కూడా నా పుస్తకాలు చూసి ఇదే చదువుతానన్నది. అబ్బాజాన్ సరేనన్నారు. వద్దన్నది నేను. "ఆడపిల్లను కొండల మీదికి ఎలా పంపిస్తాం?" అన్నాను. కాలేజీకి వెళ్లి ఎవరు వెంట వస్తారు, ఎక్కడ బస అని ఒక్క మాటైనా అడగలేదు. మంచీచెడూ కనుక్కోకుండానే తీర్పు చెప్పాను. చూడకుండా పేరు చెప్పవద్దని నేర్పిన చదువు చదివి నేను చేసిన పని అది.

మా చెల్లెలు ఈ సభలోనే కూర్చుని ఉంది. ఆమె కూతురు ఈ ఏడే ఇంటర్ పాసైంది. ఏం చదవాలో ఆ అమ్మాయే చెప్పాలి. రాళ్ల చదువే కావాలంటే ట్రిప్పుల ఖర్చు మేనమామది. మీ ఇళ్లలోనూ అటువంటి అమ్మాయి ఉంటే, కాదనే ముందు ఒక్కసారి కాలేజీకి వెళ్లి అడిగి రండి.