అరకులో ఓ చిన్న ఇల్లు



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో కట్టేవారికన్నా కొనేవారే ఎక్కువయ్యారు గనుక "ఇల్లు కొని చూడు" అని మార్చుకోవాలేమో! ఈ వేళ మీతో ఆ సంగతే ముచ్చటిద్దామని వచ్చాను. నేను వకీలును కాను. మెట్రిక్ వరకు చదువుకొని, వంటింట్లోనే పాతికేళ్ళు గడిపినదాన్ని. కాని ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. కాలిన చెయ్యి చెప్పే మాట పుస్తకంలో మాటకన్నా బాగా గుర్తుంటుంది గదా!

విశాఖపట్నంలో ఉండేవాళ్ళం, కార్తీకమాసం వచ్చిందంటే అరకు వెళ్ళాలని పిల్లలు గోల చేస్తారు. నూటపదిహేను కిలోమీటర్ల దారి. కిరండూలు రైలెక్కితే సొరంగాలు, లోయలు. అనంతగిరి దాటాక కాఫీ తోటలు. ఇక అరకు చేరేసరికి పసుపు దుప్పటి పరిచినట్టు వలిసె పూలు. ఉక్కపోతలో నుంచి వెళ్ళినవారికి ఆ చల్లగాలి తగలగానే పుట్టే కోరిక ఒకటే. "ఇక్కడ మనకో చిన్న ఇల్లుంటే ఎంత బాగుండును!" మీకూ ఎప్పుడో ఒకప్పుడు అనిపించే ఉంటుంది. మాకూ అనిపించింది.

మేము దిగిన చోటే ఒక మధ్యవర్తి పరిచయమయ్యాడు. "అమ్మగారూ, రోడ్డు పక్కనే రెండు గదుల ఇల్లుంది. పట్నంలో అయితే ఈ డబ్బుకు వంటిల్లు కూడా రాదు" అన్నాడు. నిజమే, ధర తక్కువ. ఎందుకు తక్కువో మేము అడగలేదు. చవగ్గా వచ్చే వస్తువును చూసి సంతోషించడమే గాని, చవక ఎందుకయిందని అడగడం మనకు అలవాటు లేదు. చీరల కొట్లో అది చెల్లుతుందేమో గాని, ఇంటి బేరంలో చెల్లదు సుమా!

మా వారి దగ్గర చేతిలో అంత లేదు. మా అమ్మ పెట్టిన గాజులు నాలుగు తాకట్టు పెట్టి యాభై వేలు అడ్వాన్సు ఇచ్చాం. స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర వేసి ఇచ్చాడు. "రిజిస్ట్రేషన్ ఎప్పుడండీ?" అంటే నవ్వాడు. "ఇక్కడ ఆ పద్ధతి లేదమ్మా. అందరూ ఇలాగే కొంటున్నారు. కరెంటు బిల్లు, ఇంటిపన్ను మీ పేర మార్పించేస్తాను" అన్నాడు. నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అయినా ఊరుకున్నాను. మగవాళ్ళు మాట్లాడుకొనే బేరంలో తల దూర్చడమెందుకని ఊరుకున్నాను. అది నా తప్పే.

పదిహేను రోజుల తరువాత ఇల్లు కొలుచుకుందామని మళ్ళీ వెళ్ళాం. మా వారు మధ్యవర్తితో మాట్లాడుతుంటే నేను పెరటి వైపు వెళ్ళాను. పక్క చేనులో ఒకామె పసుపు కొమ్ములు తవ్వుతోంది. నా ఈడుదే. "ఏటమ్మా, ఇల్లు సూడ్డానికొచ్చారా?" అని పలకరించింది. అవునన్నాను. ఆ ఇల్లున్న జాగా వాళ్ళదేనట. మామగారి జబ్బుకు ఇరవై వేలు అప్పు తీసుకొని కాగితం మీద వేలిముద్ర వేశారట. అది అప్పు కాగితమే అనుకున్నారు పాపం. తరువాత గోడలు లేచాయి. ఎవరిని అడగాలో తెలియలేదు. కోపంగా చెప్పలేదామె. చెప్పి, చివరికి నన్నే అడిగింది. "నీకు వైజాగులో ఇల్లుందా అమ్మా?" ఉందన్నాను. "మాకిదే" అంది, చేను చూపించి. నాకు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చాక మా వీధిలో ఉండే ఒక ప్లీడరుగారిని అడిగాం. ఆయన ఆ కాగితం చూసి "ఇది చిత్తు కాగితమమ్మా" అన్నారు. ఆయన చెప్పినదీ, ఆ తరువాత నేను తెలుసుకున్నదీ మీకు వరుసగా చెబుతాను.

అరకు, అనంతగిరి, పాడేరు మొదలైనవి రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందకు వచ్చే ప్రాంతాలు. మనం ఏజెన్సీ అనీ, మన్యం అనీ అంటాం. 2022 ఏప్రిల్ నుంచి ఇవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. అక్కడ భూమిని కాపాడే చట్టం ఈనాటిది కాదు. వడ్డీ వ్యాపారులు కొండవారి భూములు లాక్కుంటున్నారని 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో భూమి బదలాయింపు నిబంధనలు వచ్చాయి. వాటిని 1970లో గట్టిగా బిగించారు. "వన్ బై సెవెంటీ" అని జనం అనేది దీన్నే. 1970 సంవత్సరపు మొదటి రెగ్యులేషన్ అన్నమాట.

అది చెప్పేదేమిటంటే, ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనులకు గాని, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గాని తప్ప వేరెవరికీ బదలాయించకూడదు. అమ్మేది గిరిజనుడైనా కాకపోయినా ఒకటే. "అమ్మేవాడు మనలాంటి మైదానంవాడే గదా, మనకేం?" అనుకుంటారు చాలామంది. ఆ బేరమూ చెల్లదు. అంతేకాదు, గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల దగ్గరనుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం మనదే.

బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, లీజు, దానం, మార్పిడి, చివరకు ఆ ఆస్తిని గురించి రాసుకొనే ఒప్పందం కూడా అందులోకే వస్తుంది. అంటే మేము రాయించుకున్న అగ్రిమెంటు పుట్టుకతోనే చచ్చిందన్నమాట. అధికారులు తమంత తాముగానైనా, ఎవరైనా అర్జీ పెట్టినా విచారణ జరిపి, ఉన్నవారిని ఖాళీ చేయించి, ఆ భూమిని అసలు గిరిజనునికో అతని వారసులకో అప్పగించవచ్చు. 1978లో చేసిన సవరణతో ఇలా కొన్నవారికి జైలు శిక్ష, జరిమానా కూడా పెట్టారు.

ఈ చట్టం చెల్లదని కొందరు సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. చెల్లుతుందని 1988లో కోర్టు తీర్పు చెప్పింది. మనం బొర్రా గుహలు చూడడానికి వెళ్తామే, ఆ అనంతగిరి మండలంలోని గ్రామాల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ పోరాడింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ప్రభుత్వం కూడా అక్కడి తన భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని దాని సారాంశం. ప్రభుత్వానికే లేని వీలు మనకు మధ్యవర్తి ఎక్కడ తెచ్చిస్తాడు చెప్పండి?

అయినా అతను దారులు చూపిస్తాడు. ఒకటి, నోటరీ కాగితం. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది గాని ఇల్లు ఎవరిదో చెప్పదు. రెండు, తొంభై తొమ్మిదేళ్ళ లీజు. లీజూ బదలాయింపే అని ఇందాకే చెప్పుకున్నాం. మూడు, జనరల్ పవరాఫ్ అటార్నీ. అది ఎక్కడైనా అమ్మకం దస్తావేజుకు సాటి రాదని 2011లో సుప్రీం కోర్టు చెప్పింది. నాలుగు, తెలిసిన గిరిజనుని పేర కొని మనం అనుభవించడం. ఇది బినామీ. బినామీ ఆస్తిని జప్తు చేసే అధికారం ప్రభుత్వానికుంది. ఐదవదారి చెప్పడానికి నాకే సిగ్గు. భూమి కోసం గిరిజన పిల్లను పెళ్ళాడి, ఆమె పేర కొని, పని కాగానే వదిలేసేవాళ్ళున్నారట. ఆడపిల్లను దస్తావేజు చేసుకోవడం కన్నా పాపం ఇంకేముంది?

మరి తాతల నాటి నుంచి అక్కడ న్యాయంగా ఇల్లున్న గిరిజనేతరులు అమ్ముకోవాలంటే? గిరిజనులకో, వారి సహకార సంఘానికో అమ్మాలి. మంచి ధరకు కొనే గిరిజనులు దొరక్కపోతే ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకొనే ఏర్పాటు చట్టంలోనే ఉంది. అలాటి ఇల్లు మీ పుట్టింటివారికో అత్తింటివారికో ఉంటే, మధ్యవర్తికి తాళంచెవి ఇవ్వకముందే పాడేరు వెళ్ళి అధికారులను కనుక్కోండి.

ఇంకొక మాట. "అరకు రోడ్డు వెంచర్" అని పెద్ద బోర్డులు కనబడుతుంటాయి. ఘాటు రోడ్డు కింద, శృంగవరపుకోట వైపు మైదానంలో ఉన్నవి వేరు, కొండ ఎక్కాక ఉన్నవి వేరు. కొండల అడుగున ఒక ఊరు షెడ్యూలులో ఉండవచ్చు, పక్క ఊరు ఉండకపోవచ్చు. బోర్డును నమ్మకండి. ఆ రెవెన్యూ గ్రామం పేరు రాసుకొని తహసీల్దారు కార్యాలయంలో "ఇది షెడ్యూల్డ్ గ్రామమా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మేము వేసి ఉంటే నా గాజులు నా చేతినే ఉండేవి.

ఇక మైదానంలోనే కొంటున్నారనుకోండి. అక్కడా గోడల రంగు చూసేముందు కాగితాలు చూడాలి. కనీసం ముప్పై ఏళ్ళకు ఈసీ తీయించండి. ఆ ఆస్తి మీద రిజిస్టరయిన అమ్మకాలు, తాకట్లు అందులో తెలుస్తాయి. రిజిస్టరు కాని కాగితాలు మాత్రం కనబడవు. అందుకే అసలు దస్తావేజులు కళ్ళతో చూడాలి, జిరాక్సులు చాలవు. ఒకరినుంచి ఒకరికి ఎలా వచ్చిందో తెలిపే లింకు దస్తావేజుల్లో మధ్యలో ఒక్కటి తప్పినా ఆగండి. సబ్ రిజిస్ట్రారు దగ్గర ఇరవైరెండు-ఏ అనే నిషేధిత జాబితా ఉంటుంది. అమ్మకూడని ప్రభుత్వ భూములు, దేవాలయ భూములు అందులో ఉంటాయి. సర్వే నంబరు చెప్పి సరిచూసుకోండి. ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు ఉన్నంత మాత్రాన ఇల్లు వారిదని అర్థం కాదు.

పిత్రార్జితమైన ఇల్లయితే ఆడపిల్లల సంతకాలు అడగండి. మన రాష్ట్రంలో 1985లోనే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కు ఇచ్చారు, అప్పటికే పెళ్ళయినవారిని మినహాయించి. 2005లో దేశమంతటా పెళ్ళయినవారికీ కానివారికీ ఇచ్చారు. "చెల్లెలికి కట్నం ఇచ్చేశాం, ఆమె రానక్కరలేదు" అని అన్నగారంటే ఒప్పుకోకండి. మన హక్కు మనకెంత ముద్దో ఆ చెల్లెలికీ అంతే.

అడ్వాన్సు కొంచెమే ఇవ్వండి, చెక్కుగా ఇవ్వండి. ఇంటి బేరంలో ఇరవై వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడాన్ని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. గడువు, మిగతా సొమ్ము, బేరం తప్పితే ఎవరేమి ఇవ్వాలన్నది కాగితం మీద ఉండాలి. సాయంత్రం పూట ఒంటరిగా ఆ వీధికి వెళ్ళి పక్కింటివారిని పలకరించండి. వేసవిలో నూతిలో నీరుంటుందా, వానాకాలం వాకిట్లో నిలుస్తుందా, హద్దు తగాదాలున్నాయా అని అడగండి. పక్కింటి ఇల్లాలికి తెలిసినంత మధ్యవర్తికి తెలియదు. తెలిసినా చెప్పడు.

అమ్మేవారైతే ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం చేయవద్దు. అసలు దస్తావేజులు చూపండి గాని ఇచ్చి పంపకండి. మిగిలిన సొమ్ము చేతికో ఖాతాలోకో వచ్చాకనే రిజిస్ట్రారు ముందు సంతకం. "చదవక్కరలేదమ్మా, మామూలే" అని ఎవరన్నా సరే కళ్ళజోడు పెట్టుకొని మొదటినుంచి చివరిదాకా చదవండి. అర్థం కాకపోతే చదివించుకొని వినండి. కొండమీది ఆ ఇల్లాలికి చదివి చెప్పేవారుంటే ఆ వేలిముద్ర పడేది కాదు గదా!

మా డబ్బు సంగతి చెప్పనే లేదు. ఎన్నిసార్లు తిరిగినా ముప్పై వేలే తిరిగి వచ్చాయి. కోర్టుకు వెళదామంటే ఆ ఒప్పందమే చట్టానికి విరుద్ధం. గాజుల్లో రెండు విడిపించుకున్నాం, రెండు పోయాయి. పోయినందుకు బాధ లేదనను, అవి మా అమ్మ పెట్టినవి. కాని బేరం కుదిరి ఉంటే, అరకు వెళ్ళిన ప్రతిసారీ ఆ పెరటివైపు కిటికీ తెరవగలిగేదాన్నా?

ప్లీడరుగారు అర్జీ ఎక్కడ పెట్టాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. నేనది పట్టుకెళ్ళి ఆమెకు చదివి వినిపించాను. వాళ్ళ అబ్బాయితో పాడేరు వెళ్ళి అర్జీ పెట్టిందట. విచారణ జరుగుతోంది. ఇప్పటికీ మేము ఏటా అరకు వెళ్తాం. పర్యాటక సంస్థ వసతి గృహంలో రెండు రోజులుంటాం. వచ్చేటప్పుడు ఆమె దగ్గర పసుపు, రాజ్‌మా కొనుక్కొని వస్తాం. చల్లగాలి అందరిదీ, దానికి దస్తావేజు అక్కరలేదు.

మీరూ వెళ్ళి రండి. ఇల్లు మాత్రం, నేల ఎవరిదో తెలిసిన చోటే కొనుక్కోండి.