బ్యాలెన్స్ షీట్‌లో లేని ఆస్తి గురించి కంపెనీ ఎప్పుడు చెప్తుంది?

ఈరోజు మేధో మూలధనం గురించి మాట్లాడుకుందాం. పేరు పెద్దదే కానీ విషయం సులువు. ఉద్యోగుల నైపుణ్యం, కంపెనీ పెంచుకున్న బ్రాండ్, కస్టమర్ల నమ్మకం, పని చేసే పద్ధతులు... ఇవన్నీ కలిపితే అదే.

ఇండ్ ఏఎస్ 38 అనే అకౌంటింగ్ ప్రమాణం ఉంది. దాని ప్రకారం వేరేవాళ్ల బ్రాండ్‌ని కొంటే ఆస్తిగా రాసుకోవచ్చు. అదే బ్రాండ్‌ని సొంతంగా ఇరవై ఏళ్లు కష్టపడి పెంచుకుంటే రాయకూడదు. ఉద్యోగుల శిక్షణకి పెట్టిన డబ్బు కూడా ఖర్చు కిందకే పోతుంది. అందుకే వీటి గురించి ఎంత చెప్పాలన్నది చాలావరకు కంపెనీ ఇష్టం.

మరి ఎవరు చెప్తారు? మొదటిది, ఏ వ్యాపారం అన్నది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి మనుషులే ఆస్తి. అందుకే ఇన్ఫోసిస్ లెవ్-ష్వార్ట్జ్ పద్ధతిలో ఉద్యోగుల విలువని లెక్కగట్టి తన వార్షిక నివేదికల్లో వేసేది. స్వీడన్‌లో స్కాండియా అనే ఆర్థిక సేవల సంస్థ 1994లోనే దీనిమీద ప్రత్యేక అనుబంధం ఇచ్చింది. రెండోది, ఎవరు చూస్తున్నారన్నది. కంపెనీ పెద్దదై, విదేశీ పెట్టుబడిదారులు వస్తే అడిగేవాళ్లు పెరుగుతారు. మూడోది, పోటీ. మందుల కంపెనీ తన తయారీ కిటుకుని నివేదికలో రాస్తే, పోటీదారు చేతిలో పెట్టినట్టే కదా! నాలుగోది, చట్టం.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక కంపెనీ, పేరు వద్దులెండి, ఏటా తన నివేదికలో "మా దగ్గర ఉద్యోగం మానేసేవాళ్లు ఇంతమందే" అని గొప్పగా వేసేది. అది చూసే షేర్లు కొన్నాను. ఒక ఏడాది ఆ అంకె మాయమైంది. దాని స్థానంలో నవ్వుతున్న ఉద్యోగుల ఫొటోలు వచ్చాయి. నేను పట్టించుకోలేదు. తర్వాత తెలిసింది, మంచి టీములన్నీ వెళ్లిపోయాయని. నా డబ్బు సగమైంది.

ఇష్టంతో చెప్పేది ఎక్కువగా మంచి వార్తే అయి ఉంటుందండీ. చెడ్డ వార్త బయటికి రావాలంటే చట్టం అడగాలి. సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికని తప్పనిసరి చేసింది. శాశ్వత ఉద్యోగుల్లో ఎంత శాతం మానేశారో మూడేళ్ల లెక్క అందులో ఉంటుంది.

కాబట్టి షేరు కొనేముందు మూడేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టుకోండి. కొత్తగా ఏం చెప్పారో చూడండి. నిరుడు చెప్పి, ఈ ఏడు ఏది మానేశారో అది ఇంకా జాగ్రత్తగా చూడండి.