తెనాలి రణరంగ చౌక్: ఏడు స్తూపాల దాకా ఒక నడక

ఈ ఎపిసోడ్‌లో మనం తెనాలిలో నడవబోతున్నాం. బైక్ లేదు, ఆటో లేదు. రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెట్టి రణరంగ చౌక్ దాకా నడక. మొత్తం 3 చోట్ల ఆగుతాం. ఈ నడకంతా ఒక్క రోజు గురించే. 1942 ఆగస్టు 12, బుధవారం.

మా భట్టిప్రోలు వాళ్లకి తెనాలి కొత్తేమీ కాదు. రేపల్లె లైన్లో ప్యాసింజర్ ఎక్కితే వచ్చే పెద్ద ఊరు. బట్టలకి, సినిమాకి, హాస్పిటల్‌కి, కోచింగ్‌కి అన్నిటికీ అక్కడికే. "రణరంగ చౌక్‌లో ఉన్నా, వచ్చేయ్" అని ఫ్రెండ్‌కి లొకేషన్ పెడతాం. ఫోన్ చూసుకుంటూ నిలబడతాం. పని అవ్వగానే వచ్చేస్తాం.

సరే, ఒక్కసారి ఆ పేరు ఆలోచించండి. రణరంగం అంటే యుద్ధభూమి. షాపులు, ఆటోలు, హారన్ల మధ్య ఉన్న ఒక సెంటర్‌కి యుద్ధభూమి అని ఊరికే పేరు పెట్టరు కదా. ఎవరు ఎవరితో యుద్ధం చేశారు? ఎవరు పోయారు? పదండి, చూద్దాం.

మొదటి స్టాప్: రైల్వే స్టేషన్

తెనాలి జంక్షన్ ముందు నిలబడ్డాం అనుకోండి. విజయవాడ నుంచి గూడూరు మీదుగా మద్రాసు వెళ్లే మెయిన్ లైన్ ఇది. గుంటూరు వైపు ఒక లైను, మన రేపల్లె వైపు ఒక లైను ఇక్కడే విడిపోతాయి. 1942లో ఈ స్టేషన్ మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కింద ఉండేది. అప్పటికి మనది మద్రాసు ప్రెసిడెన్సీ. తెనాలి, భట్టిప్రోలు, రేపల్లె, బాపట్ల అన్నీ గుంటూరు జిల్లాలోనే.

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకి గుర్తొచ్చేది హాలీవుడ్ సినిమా. హిట్లర్, ట్యాంకులు, మంచు. కానీ 1942లో ఆ యుద్ధం మన తీరం దాకా వచ్చేసింది. ఆ ఏడాది మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. అక్కడ పని కోసం వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక్కి బయల్దేరారు. కొంతమంది కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచే వచ్చారు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకి వెళ్లిపోయారు. అంటే మన తాతల కాలం వాళ్లకి యుద్ధం పేపర్లో చదివే వార్త కాదు. తిండి దగ్గర, రైలు దగ్గర, భయం దగ్గర తెలిసిన విషయం.

ఇక ఈ స్టేషన్ ఎందుకు ముఖ్యం? కలకత్తా, మద్రాసుల మధ్య రైలు ఈ లైన్ మీదే నడవాలి. సైన్యమైనా, సరుకైనా ఇటే వెళ్లాలి. ఇంకో సంగతి, పట్టాల పక్కనే టెలిగ్రాఫ్ స్తంభాలు ఉండేవి. టెలిగ్రాఫ్ అంటే ఆ రోజుల్లో ఇంటర్నెట్ అనుకోండి. తీగ తెగితే నెట్ పోయినట్టే. పై అధికారికి కబురు వెళ్లదు. రైలు ఆగితే అదనపు పోలీసులు టైంకి రారు. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఊళ్లో బ్రిటిష్ ప్రభుత్వానికి స్టేషనే సర్వర్ రూమ్. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

రెండో స్టాప్: దారిలో ఏదో ఒక టీ కొట్టు

స్టేషన్ నుంచి ఊళ్లోకి నడుస్తున్నాం. దారిలో నీడ ఉన్న టీ కొట్టు ఒకటి చూసుకుని ఆగండి. ఈ భాగం కూర్చుని వినాలి.

1942 ఆగస్టు 8 రాత్రి బొంబాయిలో కాంగ్రెస్ క్విట్ ఇండియా తీర్మానం పాస్ చేసింది. తెల్లారేసరికి, అంటే ఆగస్టు 9న, గాంధీజీని, నెహ్రూని, పటేల్‌ని అందర్నీ అరెస్ట్ చేశారు. మన పట్టాభి సీతారామయ్య గారు కూడా వాళ్లలో ఉన్నారు. ఆయన్ని అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. ఉద్యమం మొదలయ్యే టైంకి దాన్ని నడపాల్సిన వాళ్లంతా లోపల. బయట ఉన్నవాళ్లకి ఏం చెయ్యాలో చెప్పే మనిషి లేడు.

అయితే ఆంధ్రలో ఒక కాగితం మాత్రం ఉంది. దాన్ని ఆంధ్రా సర్క్యులర్ అన్నారు, కర్నూలు సర్క్యులర్ అని కూడా అన్నారు. జులై చివర్లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ తరఫున కళా వెంకటరావు గారు జిల్లాలకి పంపించింది అది. అందులో మెట్లు మెట్లుగా ఏం చెయ్యాలో రాశారు. చట్టాల్ని ధిక్కరించడం, చదువులు, కోర్టులు మానెయ్యడం, చైన్ లాగి రైళ్లు ఆపడం, టెలిగ్రాఫ్ తీగలు కొయ్యడం. కానీ పట్టాలు మాత్రం పీకొద్దు, ఎవరి ప్రాణానికీ హాని రాకూడదు అని కూడా స్పష్టంగా ఉంది. తర్వాత 1943లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ గొడవలకి కాంగ్రెస్సే బాధ్యురాలు అంటూ ఒక పుస్తకం అచ్చేసింది. అందులో ఈ సర్క్యులర్‌ని కూడా సాక్ష్యంగా చూపించింది. మన జిల్లాలకి వచ్చిన ఒక కాగితం లండన్ దాకా చర్చకి వెళ్లిందన్నమాట.

ఇంకో విషయం చెప్పకుండా దాటేస్తే కథ సగమే అవుతుంది. అప్పుడు ఊరంతా ఒకే మాట మీద లేదు. కమ్యూనిస్టులు హిట్లర్‌నీ జపాన్‌నీ ఓడించడమే ముందు అన్నారు, దీన్ని ప్రజాయుద్ధం అన్నారు. అందుకని క్విట్ ఇండియాలో కలవలేదు. గుంటూరు జిల్లాలో వాళ్ల బలం తక్కువేమీ కాదు. ఇంకోవైపు, పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి కుర్రాళ్లు బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరారు. ఆ ఊరిని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అనే అంటారు. అదే సంవత్సరం, అదే తెలుగు నేల. ఒకడు యూనిఫాం వేసుకుని యుద్ధానికి వెళ్లాడు, ఒకడు ఆ ప్రభుత్వం పోవాలని రోడ్డెక్కాడు, ఒకడు ముందు ఫాసిజం పోవాలి అన్నాడు. ముగ్గురికీ దేశం అంటే ప్రేమ లేదని అనగలమా? నేను అనలేను.

టీ తాగేశారా? పదండి.

మూడో స్టాప్: రణరంగ చౌక్

ఆగస్టు 12. నాయకుల అరెస్టులకి నిరసనగా తెనాలిలో హర్తాళ్. జనం రోడ్డు మీదకొచ్చారు. గుంపు రైల్వే స్టేషన్ మీదకి వెళ్లింది. స్టేషన్‌కి నిప్పు పెట్టారు. ఇందాక సర్వర్ రూమ్ అన్నాను చూడండి, అదే.

తర్వాత పోలీసులు కాల్పులు జరిపారు. 7 మంది చనిపోయారు.

ఇక్కడ ఏడు స్తూపాలు కనిపిస్తాయి. ఒక్కొక్కరికి ఒకటి. ఏటా ఆగస్టు 12న వచ్చి దండలు వేస్తారు, నివాళులర్పిస్తారు. మిగతా 364 రోజులు మనం పక్కనుంచి వెళ్లిపోతాం. కాబట్టి ఇప్పుడు వీడియో స్పీడ్ పెంచకుండా ఈ పేర్లు వినండి.

మాజేటి సుబ్బారావు.
శ్రీగిరి లింగం.
తమ్మినేని సుబ్బారెడ్డి.
గాలి రామకోటయ్య.
ప్రయాగ రాఘవయ్య.
జాస్తి అప్పయ్య.
భాస్కరుని లక్ష్మీనారాయణ.

ఏడు ఇంటిపేర్లు. ఏడూ వేరు వేరు. మన క్లాస్‌లో అటెండెన్స్ రిజిస్టర్ తీస్తే ఇలాంటి పేర్లే ఉంటాయి. వీళ్లలో ఎవరి పేరూ మన స్కూల్ పుస్తకాల్లో చదివిన గుర్తు నాకు లేదు. పెద్ద నాయకులంతా జైల్లో ఉన్న వారంలో, ఎవరి ఆర్డర్ కోసమూ చూడకుండా రోడ్డు మీదకొచ్చిన జనం మధ్యలో పోయినవాళ్లు వీళ్లు.

ఒక్క తెనాలే కాదు. అదే నెల 17న భీమవరంలో కూడా కాల్పులు జరిగాయి, అక్కడా ప్రాణాలు పోయాయి. గొడవలు జరిగిన ఊళ్ల మీద ప్రభుత్వం సామూహిక జరిమానాలు వేసింది. అంటే స్టేషన్ తగలబెట్టినవాడూ కట్టాలి, ఆ రోజు ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నవాడూ కట్టాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న

కింద కామెంట్స్‌లో ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు, కాబట్టి నేనే అడిగేస్తా. "అన్నా, స్టేషన్ తగలబెట్టడం హీరోయిజం ఎలా అవుతుంది? ఇవాళ ఎవరైనా బస్సు తగలబెడితే మనం తిడతాం కదా?"

మంచి ప్రశ్న. దాన్ని తప్పించుకుని దండ వేసేస్తే ఆ ఏడుగురికీ మనం మర్యాద ఇచ్చినట్టు కాదు. గాంధీజీకి కూడా ఇలాంటి తగలబెట్టడాలు నచ్చలేదు. అదే సమయంలో, నాయకుల్ని జైల్లో వేసి జనాన్ని రెచ్చగొట్టింది మీరే అని ఆయన ప్రభుత్వానికి ఉత్తరాలు రాశారు. 1943 ఫిబ్రవరి 10 నుంచి 21 రోజులు జైల్లోనే ఉపవాసం చేశారు.

నేను ఆలోచించింది చెప్తాను. ఇవాళ బస్సు తగలబెట్టేవాడికి ఓటు ఉంది, కోర్టు ఉంది, ప్రెస్ మీట్ పెట్టుకునే హక్కు ఉంది. 1942లో తెనాలిలో నిలబడ్డ మామూలు మనిషికి, తనని యుద్ధంలోకి దించిన ప్రభుత్వాన్ని మార్చే దారే లేదు. 1939లో మనల్ని అడక్కుండానే వైస్రాయ్ ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. అడిగే నాయకుల్ని లోపలేశారు. నిప్పు పెట్టడం ఒప్పు అని నేను చెప్పట్లేదు. రెండు పనుల్నీ ఒకే తక్కెడలో వెయ్యొద్దు అంటున్నా. ఇంకో మాట. ఆ ఏడుగురిలో ఎవరి చేతిలో అగ్గిపుల్ల ఉందో, ఎవరి చేతిలో ఏమీ లేదో తుపాకీ అడగలేదు. విచారణ లేదు, శిక్ష మాత్రం పడింది. గుంపు చేసిన పనికి మనిషి ప్రాణం తీసేశారు.

తుపాకీ పట్టుకున్న పోలీసుల గురించి కూడా ఒక్క క్షణం ఆలోచించండి. ఆ కాలంలో కానిస్టేబుళ్లు ఎక్కువమంది మనవాళ్లే. వాళ్ల ఇళ్లల్లోనూ తెలుగే మాట్లాడుకుని ఉంటారు. పరాయి పాలన అంటే అదే. మనవాళ్ల చేతే మనవాళ్లని కాల్పించగలదు.

ఇటలీ వాళ్లు ఏం చేస్తున్నారు?

ఈ నడక ఐడియా నాకు ఇటలీ వీడియోలు చూస్తే వచ్చింది. అక్కడ పాత ఊళ్లల్లో యుద్ధకాలం నాటి వీరుల కథలు చెబుతూ గైడ్‌లు నడిపిస్తారు. బొలోనా అనే ఊళ్లో మెయిన్ సెంటర్‌లోనే ఒక గోడ ఉంది. నాజీల మీద, ఫాసిస్టుల మీద పోరాడి పోయిన 2 వేల మందికి పైగా మామూలు మనుషుల ఫొటోలు, పేర్లు దాని మీద ఉన్నాయి. రోమ్‌లో కొన్ని ఇళ్ల ముందు, కాలిబాటలో చిన్న ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. ఆ ఇంట్లోంచి ఎవర్ని పట్టుకెళ్లారో, ఏ రోజు పట్టుకెళ్లారో వాటి మీద రాసి ఉంటుంది. చదవాలంటే తల వంచాలి.

ఇంకా చెప్పాలంటే, ఇటలీలో మనవాళ్ల గుర్తు కూడా ఉంది. మరాఠా సైనికుడు యశ్వంత్ ఘాడ్గే 1944 జులైలో అక్కడ పోరాడుతూ చనిపోయాడు, విక్టోరియా క్రాస్ వచ్చింది. మోంటోనే అనే చిన్న ఊళ్లో 2023లో ఆయన పేరు మీద స్మారకం పెట్టారు. దాదాపు 80 ఏళ్ల తర్వాత, పరాయి దేశపు కుర్రాడిని ఆ ఊరివాళ్లు గుర్తుపెట్టుకున్నారు.

మనకి గోడ కట్టక్కర్లేదు, పలకలు పొదగక్కర్లేదు. ఏడు స్తూపాలు ఆల్రెడీ ఉన్నాయి. లేనిది మనం ఆగడం.

మీరు చెయ్యాల్సింది

ఈసారి తెనాలి వెళ్తే పొద్దున్నే వెళ్లండి, ఎండా ట్రాఫిక్కూ తక్కువ ఉంటాయి. స్టేషన్‌లో దిగి, ఆటో ఎక్కకుండా నడవండి. దారి తెలియకపోతే ఎవర్నడిగినా చెప్తారు. చౌక్ దగ్గర సెల్ఫీ తీసుకోండి, తప్పేం లేదు. కానీ దానికి ముందు ఏడు పేర్లూ పైకి చదవండి. మీతో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లచేత చదివించండి.

ఇంట్లో 85, 90 ఏళ్ల తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఈ వారమే కూర్చుని అడగండి. "మీ చిన్నప్పుడు మీ ఇంట్లో తెనాలి కాల్పుల గురించి ఏమనుకునేవాళ్లు?" అని. వాళ్లు చెప్పేది ఫోన్లో రికార్డ్ చేసుకోండి. తేదీ, ఊరు కూడా చెప్పించండి. విన్నదాన్ని విన్నట్టే ఉంచండి, రీల్ కోసం మసాలా కలపొద్దు. 1942లో పదేళ్ల పిల్లలు ఇప్పుడు 90 దాటారు. ఆ గొంతులు ఇంకెంతో కాలం దొరకవు.

కామెంట్స్‌లో మీ ఊరి పేరు, మీ ఊళ్లో మీరు రోజూ దాటిపోయే స్మారకం ఏదో రాయండి. వచ్చే నడక అక్కడే పెట్టుకుందాం.